కొత్తవాళ్ల జట్టు

గురువారం పొద్దున గుల్జార్ బీ దోటి పైకెత్తి, కొక్కేన్ని కాయ తొడిమకు తగిలించి, లాగకుండా అట్లాగే ఆగిపోయింది. కాయ పెద్దదే. కానీ దాని కళ్ల మధ్య సందులు ఇంకా పచ్చగానే ఉన్నాయి. అవి తెల్లబడి విచ్చుకుంటే గాని సీతాఫలం కోతకు రాదు. ఆమె కొక్కెం తప్పించి పక్క కొమ్మకు మారింది.

"అంత కాయను ఇడ్సిపెడితివే గుల్జారక్కా. రేపు ఇంగొకరు కోసుకపోతారు," అంది రంగమ్మ కింద కూర్చుని గంపలో ఆకులు పరుస్తూ.

"కోసుకపోనీలే. మాగకుండా నల్లబడితే అప్పుడు తెలుస్తాది వాండ్లకు."

ఇద్దరూ ఆదోని ఊరి చివరి ఇళ్ల నుంచి చీకటి విడవకముందే బయలుదేరి జంటగుండ్ల కొండెక్కారు. సీతాఫలాలు కాసే ఈ నెలన్నరా వాళ్లకు ఇదే పని. పొద్దున కాయలు కోయడం, మధ్యాహ్నానికి దిగడం, మరునాడు బస్టాండు మూలన గంప పెట్టుకుని కూర్చోవడం. కోతకొచ్చిన కాయలన్నీ కోసినా చెట్టు కొన కొమ్మల జోలికి మాత్రం గుల్జార్ బీ పోదు. అవి పిట్టలకు, ఉడతలకు. ఆ మాట ఎవరితోనూ అనదు, దోటి అంత పైకి ఎత్తదు, అంతే.

గంపలు నిండాక దొన దగ్గరికి దిగారు. రెండు పెద్ద గుండ్ల నడుమ బండలోనే పడిన గుంట అది. నడుము లోతుంటుంది. పై గుండు పగులులోంచి ఊట సన్నగా జారి అందులో పడుతుంది. కొండ మీది మేకలకూ, పిట్టలకూ, కాయలకొచ్చే ఆడవాళ్లకూ అవే నీళ్లు. గుల్జార్ బీ చెప్పులు దూరంగా విడిచి, అంచున గొంతుక్కూర్చుని, నడుముకు కట్టుకున్న చిన్న గ్లాసు విప్పి ముంచుకుంది. నాలుగడుగులు ఇవతలికి వచ్చి తాగింది. మూతి కడుక్కున్న నీళ్లు కూడా దొనలో పడనివ్వలేదు.

అప్పుడు కనిపించింది, అవతలి గుండు నీడలో చెత్త. చిప్సు కవర్లు, నీళ్ల సీసాలు, క్రీము అంటిన కేకు డబ్బా, రంగు కాగితాలు. పోయిన ఆదివారం ఎవరో వచ్చి పండగ చేసుకుని పోయినట్టున్నారు.

గుల్జార్ బీ యూరియా సంచి దులిపి ఏరడం మొదలుపెట్టింది.

"మనం తిన్యామా, మనం పారేసినామా?" అంది రంగమ్మ.

"మేకకు ఆ ఇచారం ఉంటాదా? తీపి వాసన తగిలితే కవరుతో గూడా మింగుతాది. పోయినేడు మేకలు కాసే రంగన్నది ఒక మేక ఎట్ల సచ్చిపోయిందో చూస్తివి గదా."

రంగమ్మ గొణుగుతూనే చేయి కలిపింది. సంచి సగానికే ఉబ్బిపోయింది. సీసాలు చోటు తినేస్తున్నాయని గుల్జార్ బీ సంచిని బండ మీద బోర్లించి, ఒక్కో సీసా మూత తీసి, గాలి పోయేట్టు మడమతో తొక్కి చదును చేయసాగింది.

సరిగ్గా ఆ సమయానికే గుండు వెనక నుంచి వాళ్లు వచ్చారు. ముందున్నతనికి ముప్పై అయిదేళ్లుంటాయి. నెత్తిన టోపీ, చేతిలో మడతపెట్టే ఇనుప కర్ర, చొక్కా మీద కొండ బొమ్మల బ్యాడ్జీలు. ఎమ్మిగనూరులో కొండలెక్కేవాళ్ల సంఘం నడిపే మారుతి అతనే. ఈ ఆదివారం వచ్చే కొత్తవాళ్లకు అనువైన దారి చూసిపెట్టడానికి వచ్చాడు. అతని వెనక నోటుపుస్తకం పట్టుకుని ఒక అమ్మాయి.

మారుతి బండ మీద పరుచుకున్న చెత్తను చూశాడు, దాని మధ్య నిలబడ్డ గుల్జార్ బీని చూశాడు. అతని ముఖంలో కోపం లేదు. అలవాటైన ఓపిక ఉంది.

"అమ్మా, కొండ మీద ఇట్ల పారబోయగూడదు. ఈ కవరు మట్టిలో కలవాలంటే ఎన్ని వందల సంవత్సరాలు పడుతుందో తెలుసా?"

"పారబోయల్యాదప్పా, మేము ఇవన్నీ…"

"తప్పు మీది గాదులేమ్మా. మీకు చెప్పేవాళ్లు లేరు. పదిహేనేళ్లుగా కొండలెక్కుతున్నా, అన్నిచోట్లా ఇదే చూస్తున్నా." ఫోను ఎత్తి ఒక ఫోటో తీసుకున్నాడు. "పోయేటప్పుడు అన్నీ కిందికి తీసుకపోండి, ఏం?"

చెప్పి కదిలిపోయాడు. ఆ అమ్మాయి మాత్రం రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది.

"నోట్లో నాలుక లేదా నీకు?" అంది రంగమ్మ ఒళ్లు మండి.

"ఆయప్ప నిలబడితే గదా సెప్పేది," అని గుల్జార్ బీ ఇంకో సీసా మూత తీసింది.

శుక్రవారం బస్టాండు మూలన ఆమె కాయలను మూడు వరుసలుగా పేర్చింది. ఈ పొద్దు తినేవి ముందు, రేపటివి వెనక, ఎల్లుండివి ఆకుల కింద. కాయను నొక్కి చూడనివ్వదు. ఎవరికి ఎప్పటికి కావాలో అడిగి తనే తీసిస్తుంది. రోజూ వచ్చి కాయలు తీసుకుపోయే రిటైర్డు మాస్టారు పదిగంటలకు వచ్చి గంప ముందు నిలబడ్డాడు. కాయల వంక కాకుండా ఆమె వంక చూశాడు.

"కొండ మీద ఆ చెత్త ఏందమ్మా? నీకు అట్లాంటి పని తగునా?" అన్నాడు మెల్లగా. ఆమె అర్థం కాక నోరు తెరిచేలోగా ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని పోయాడు.

కాసేపటికి కొడుకు తౌసీఫ్ ఆటో పక్కన ఆపి, ముఖం ఎర్రగా చేసుకుని వచ్చి ఫోను ఆమె ముందు పెట్టాడు. బండ మీద చెత్త, చెత్త మధ్యలో తను, ఒక కాలు సీసా మీద. కింద రాసింది తౌసీఫ్ చదివి వినిపించాడు. జంటగుండ్ల కొండను పాడుచేస్తున్నది ఎవరో చూడండని, ఆదివారం అందరం కలిసి కొండను కాపాడుకుందాం రండని.

"ఆటోవాళ్ల గ్రూపుకు గూడా వచ్చింది అమ్మీ. ఆ మనిషి ఎమ్మిగనూరులోనే ఉంటాడంట. పద, ఇప్పుడే పోదాం."

"పోయి ఏమని సెప్పేది?"

"నువ్వు ఏరినావని."

గుల్జార్ బీ ముందు వరుసలోని కాయనొకటి తీసి వెనక్కి పెట్టింది. మళ్లీ దాన్నే తీసి ముందుకు పెట్టింది.

"వాండ్లు మెచ్చుకుంటారని ఏరినానా? మెచ్చుకోల్యాదని ఇప్పుడు కొట్లాడేకి పోతే, మెచ్చుకోవాలనే ఏరినట్ల అయితాది. నువ్వు పో, గిరాకీ చూసుకో."

ఆ రోజు సాయంత్రం గంప అడుగున చాలా కాయలు మిగిలాయి. తల మీద పెట్టుకుని ఇంటికి నడుస్తుంటే పొద్దున తెచ్చినప్పటికంటే బరువుగా అనిపించింది. అయినా మెడ వంచలేదు. ఎప్పుడూ నడిచే దారిలోనే, అందరి ముందు నుంచే నడిచింది.

శనివారం మధ్యాహ్నం ఆమె వాకిట్లో మాగిన కాయలు వేరుచేస్తుండగా కొండ మీద నోటుపుస్తకం పట్టుకున్న ఆ అమ్మాయి ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఎమ్మిగనూరు పిల్ల, పేరు దివ్య. కర్నూలులో పై చదువు చదువుతోంది. కొండలెక్కేవాళ్ల గురించే తన చదువని చెప్పింది. అనుభవం ఎక్కువున్నవాళ్లు కొండను జాగ్రత్తగా చూసుకుంటారా, కొత్తవాళ్లు చూసుకుంటారా అని లెక్క తేల్చాలంట. అందుకు కొండెక్కే ప్రతివాళ్లతోనూ ఒక ఫారం నింపిస్తోందంట.

"ఏం తేలింది పాపా?"

"ఇంకా తేల్లేదమ్మా. మీది గూడా రాసుకుందామని వచ్చినా."

గుల్జార్ బీ పీట జరిపి కూర్చోమంది. ఒక పండు విప్పి సగం చేతిలో పెట్టింది. దివ్య గింజలు ఎక్కడ వెయ్యాలో తెలియక గుప్పిట్లో పట్టుకుంది.

"ఇంతకుముందు ఎన్ని ట్రెక్కులు చేసినారు?"

"ట్రెక్కంటే?"

"కొండ ఎక్కడం. అంటే… పనికి గాకుండా, ఊరికే, సరదాకు."

గుల్జార్ బీ నిజంగానే ఆలోచించింది. "పనికి గాకుండానా? ఒక్కసారి గూడా లేదు పాపా."

దివ్య కలం ఆగింది. ఆ గడిలో సున్నా తప్ప ఇంకేమీ రాయడానికి లేదు. రాసింది. దాని పక్కన 'మొదటిసారి' అన్నచోట టిక్కు పెట్టాల్సి వచ్చింది.

"శిక్షణ ఏమన్నా తీసుకున్నారా?"

"దొనలో కాళ్లు పెట్టినానని మా అమ్మ ఒక దెబ్బ కొట్టింది. అదొక్కటే."

"ఎన్నేండ్లప్పుడు?"

"ఆరో ఏడో. పాలపండ్లు ఊడతాండె."

దానికి ఫారంలో గడి లేదు. దివ్య కాగితం అంచున చిన్న అక్షరాలతో రాసుకుంది. తరువాత కలం మూసి, గుప్పిట్లోని గింజల వైపు చూస్తూ కూర్చుంది.

"ఆ పొద్దు నేను వెనకాలే ఉన్నానమ్మా. మీరు సీసాల మూతలు తీసి తొక్కుతాండేది చూసినా. పారేసేవాళ్లు అట్ల తొక్కరు గదా. నాకు అప్పుడే తెలిసింది. మారుతన్నకు సెప్పింటే బాగుండు. సెప్పల్యా."

గుల్జార్ బీ గింజలు వేయడానికి చిప్ప ముందుకు జరిపింది.

"ఇంకొకటి ఉండాదమ్మా. రేపు కొండ మీద అందరితో అర్జీ మీద సంతకాలు పెట్టిస్తారు. కాయలు కోసేవాళ్లు, మేకలు కాసేవాళ్లు పైకి రాగూడదని ఫారెస్టు ఆఫీసులో ఇస్తారంట. ఆ ఫోటో దానికి జోడిస్తారు."

రంగమ్మకు కొండ తప్ప ఇంకో ఆధారం లేదు. రంగన్నకు నలభై మేకలు. గుల్జార్ బీ చేతిలోని పండును ఆకు మీద పెట్టి, చేతులు తుడుచుకుంది.

"నువ్వు వచ్చింది ఫారం కోసరమేనా?"

"కాదమ్మా. రేపు పదకొండు మంది కొత్తవాళ్లు వస్తాండారు. వాళ్లను నడిపించే అన్నకు జ్వరం. నాకు దారి సరిగా తెలీదు. మీరు వస్తారేమోనని."

"రేపు ఎట్లయినా నేను పోయేదే. నా ఎనక వచ్చేవాండ్లను వద్దంటానా?"

ఆదివారం కొండ కింద నలభై మందికి పైగా పోగయ్యారు. మారుతి అందరి మణికట్లకూ రిబ్బన్లు కడుతున్నాడు. ఎన్నో కొండలెక్కిన తొమ్మిదిమందికి ఎరుపు, కొన్ని ఎక్కినవాళ్లకు నీలం, కొత్తవాళ్లకు తెలుపు. గుల్జార్ బీ ముందుకు వచ్చేసరికి అతను గుర్తుపట్టి తడబడ్డాడు.

"కొత్తవాళ్లతో వస్తారన్నా. ఫారం ప్రకారం ఈమెకు మొదటిసారే," అంది దివ్య. ఆమె గొంతులో సన్నని ఎత్తిపొడుపు ఉంది గానీ మారుతికి వినిపించలేదు.

"మంచిదమ్మా. నేర్చుకోవాలనుకోవడమే గొప్ప," అన్నాడు అతను మనస్ఫూర్తిగా. తెల్ల రిబ్బను కట్టాడు. గుల్జార్ బీ గాజులు పైకి జరిపి చేయి చాపింది.

ఎర్ర రిబ్బన్లవాళ్లు ముందు కదిలి, మొదటి మలుపులోనే దారి వదిలి వాలుకు నిట్టనిలువుగా ఎక్కిపోయారు. గుల్జార్ బీ వెనక ఉన్నవాళ్లు నెమ్మది. వాళ్లలో ఓబన్న అని ఎమ్మిగనూరు నేతగాడు. మగ్గం గుంతలో కూర్చుని కూర్చుని మోకాళ్లు పట్టేస్తే, కొండలెక్కమని డాక్టరు చెప్పాడంట. ఇంకొకతను శేఖర్, బ్యాంకులో గుమాస్తా, భారీ మనిషి. ప్రతి పది అడుగులకూ ఆగి ఆయాసం తీర్చుకుంటున్నాడు.

"బండ మీద కాలెయ్యండప్పా, మట్టి మీద వద్దు," అంది గుల్జార్ బీ.

"ఎందుకమ్మా? మట్టి మెత్తగా ఉండాది గదా?" అడిగాడు శేఖర్.

"నీ ఎనక ఇంకా పదిమంది తొక్కుతారు. మట్టి కదిలితే వచ్చే వానకు జారిపోతాది. అప్పుడు గడ్డి మొలిచేకి చోటు యాడుంటాది?"

ఆ మాట విన్నాక ఓబన్న వాలు మీదికి చూశాడు. ముందుపోయినవాళ్లు ఎక్కిన చోట ఎర్రమట్టి లేచి, పచ్చగడ్డి మధ్య గీరినట్టు పొడుగ్గా కనిపిస్తోంది. మోకాళ్లు పట్టుకుంటూ, ఆమె కాలు పెట్టిన బండ మీదే తన కాలు పెట్టాడు.

శేఖర్ అరటిపండు తిని తొక్క విసరబోయాడు. ఆమె చూపు తగిలి ఆగాడు.

"తొక్క మట్టిలో కలిసిపోతాది గదమ్మా?"

"కలుస్తాది నాయనా. అంతకంటే ముందు కోతి తింటాది. రుచి మరిగినాక ఇంగొకరి చేతిలో సంచి పెరుకుతాది. కోతిని తిడతారు గాని తొక్కేసినోన్ని ఎవరూ తిట్టరు."

శేఖర్ నవ్వి, తొక్కను రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

సగం ఎక్కాక ఒక గడ్డి దుబ్బు దగ్గర గుల్జార్ బీ ఉన్నట్టుండి దోటిని దారికి అడ్డం పెట్టింది. వేలు నోటి మీద పెట్టుకుని చూపించింది. గడ్డి మొదట్లో గుంట, గుంటలో మచ్చల గుడ్లు అయిదు. పక్కనే నేలరంగులో కలిసిపోయి కంజు పిట్ట. కదలడం లేదు. పదకొండు మందీ ఒకరి వెనక ఒకరు చుట్టుతిరిగి, చప్పుడు చేయకుండా దాటారు. ఓబన్న వంగి చూసి, తెగిన పోగు దగ్గర చేయి వెనక్కి తీసుకున్నంత మెల్లగా వెనక్కి జరిగాడు. ఎవరూ ఫోను తీయలేదు. దివ్య పుస్తకంలో ఏదో రాసుకుంది.

వాళ్లు చేరేసరికి మిగతావాళ్లంతా దొన చుట్టూ ఉన్నారు. ఎర్ర రిబ్బన్లవాళ్ల తువ్వాళ్లు గుండు మీద ఆరుతున్నాయి. ఇద్దరు కాళ్లు నీళ్లలో వేలాడేసుకుని కూర్చున్నారు. మారుతి అంచున వంగి ముఖం తోముకుంటున్నాడు. నీళ్ల మీద తెల్లటి నురగ, ఊట పడేచోట కూడా విడవకుండా తేలుతోంది.

గుల్జార్ బీ అక్కడే నిలబడిపోయింది. ఆమె చూపు చూసి మారుతే లేచాడు.

"భయపడకమ్మా. ఇది మూలికల సబ్బు, రసాయనాలు లేవు. హిమాలయాల్లో గూడా ఇదే వాడినా. నీళ్లకేం కాదు."

"ఆడ నీళ్లు పారతాయేమో నాయనా," అంది ఆమె. "ఇవి పారేవి గావు."

అతను ఏదో చెప్పబోయాడు. ఈలోగా గుండు అవతల నుంచి గంటల చప్పుడు, దానితో పాటు మేకలు. ఎండపూట నీళ్లకు రంగన్న మందను తోలుకొచ్చే వేళ అది. ముందున్న పోతు గబగబా దిగి దొన అంచుకు వచ్చి మూతి పెట్టింది. పెట్టి, వెంటనే తల ఎత్తి చీదింది. ఇంకోసారి వాసన చూసి వెనక్కి తిరిగింది. వెనక వచ్చినవి ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చి, వాసన చూసి, వెనక్కి తిరిగాయి. నలభై మేకలు, నీళ్లు ముందుంచుకుని ఎండలో బండ మీద నిలబడి అరిచాయి.

రంగన్న నీళ్ల వైపు చూశాడు. తువ్వాళ్ల వైపు చూశాడు. ఎవరినీ అడగకుండా గుల్జార్ బీ వైపు తిరిగాడు.

"ఏమ్మా, ఇదేంది?"

ఆమె ఎవరి వైపూ వేలు చూపలేదు. "ఈ పొద్దుకు కింద దొనకు తోలుకపోప్పా రంగన్నా. ఇది మేము బాగుజేస్తాం."

అతను తల ఊపి, నాలుకతో చప్పుడు చేసి మందను మళ్లించాడు. మేకల అరుపులు వాలు కిందికి దిగి వినపడకుండా పోయేదాకా ఎవరూ కదల్లేదు. 'మేము' అన్న మాట మారుతి చెవిలో పడింది. అతను ఆమె ముఖం చూసి, తువ్వాలు పక్కన పడేశాడు.

గుల్జార్ బీ కొంగు నడుముకు బిగించింది. "అన్నం డబ్బాలు, సీసాలు, ఏముంటే అవి తీయండి. దొన ఖాళీ చెయ్యాల. అడుగంతా గడ్డితో తోమి వదిలిపెడితే ఊట రేపు సాయంత్రానికి మేకలకు సరిపడా నింపుతాది."

"ఈ నీళ్లు వాలుకు పోసేద్దామా?" అడిగాడు శేఖర్.

"వాలుకు పోస్తే కింద దొనలోకే పోతాయి. ఇప్పుడే మేకలను ఆడికి పంపిస్తిమి. అదో, ఆ అవతల కంపచెట్ల కింద మట్టి ఉండాది, ఆడికి మోయాల."

ముందు కదిలింది తెల్ల రిబ్బన్లవాళ్లే. దొన నుంచి కంపచెట్ల దాకా వరుసగా నిలబడ్డారు. టిఫిను డబ్బాలు, సీసాలు, ఒకరి హెల్మెట్ కూడా, చేతులు మారుతూ నీళ్లు మోశాయి. నీలం రిబ్బన్లవాళ్లు వరుసలో దూరారు. మోకాళ్లు వంగని ఓబన్న గుండుకు ఆనుకుని ఒక్కచోటే నిలబడి, వచ్చిన డబ్బా వచ్చినట్టు అందించాడు. డబ్బా ఎంత నిండా ఉన్నా అతని చేతిలో నీళ్లు తొణకలేదు.

మారుతి బూట్లు విప్పి అంచు దాకా వచ్చి ఆగాడు.

"దిగప్పా," అంది గుల్జార్ బీ. "తోమేటప్పుడు ఒక్కటే దీంట్లో కాలు పెట్టేది."

అతను దిగాడు. నీళ్లు మోకాలికి, తరువాత చీలమండకు దిగాయి. ఆమె అంచున కూర్చుని ఎక్కడ నాచు ఉంచాలో, ఎక్కడ రుద్దాలో చెబుతోంది. గడ్డి చుట్టతో మూలన తోముతూ అతను ఏదో తీశాడు. ప్లాస్టిక్ కత్తి. తెల్లది, పిడికి గులాబీ రంగు రిబ్బను ముడి. అతను దాన్ని అరచేతిలో తిప్పి తిప్పి చూశాడు. ఎర్ర రిబ్బన్లవాళ్లలో ఒకడు ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"ఆ పొద్దు మీ సంచిలో కేకు డబ్బా ఉన్నిందా అమ్మా?"

"ఉన్నింది."

మారుతి చాలాసేపు వంగి తోముతూనే ఉండిపోయాడు. "మాదే," అన్నాడు చివరికి, తల ఎత్తకుండానే. "పోయిన ఆదివారం మా సంఘంలో ఒకని పుట్టినరోజు. నేను ముందు దిగిపోయినా. సర్ది తెస్తారనుకున్నా."

ఆమె చేయి చాపి కత్తి తీసుకుని, పొద్దున దారిలో ఏరిన సీసాలున్న సంచిలో వేసుకుంది.

ఎండ నడినెత్తి దాటాక దొన ఖాళీ అయింది. బండ కడిగిన పళ్లెంలా మెరిసింది. పగులులోంచి ఊట చుక్కలు చుక్కలుగా పడుతున్న చప్పుడు ఇప్పుడు అందరికీ వినిపించింది. చేతులు ఎర్రబడినవాళ్లు, బట్టలు తడిసినవాళ్లు, నీడన చేరి గుక్క తిప్పుకున్నారు. అప్పుడు ఓబన్న అడిగాడు.

"ఏదో కాగితం మీద సంతకాలు పెట్టాలంటిరి గదా సార్. దాంట్లో ఎవరిని రావద్దని రాసినారు?"

మారుతి సంచి జిప్పు తీసి కాగితం బయటికి లాగాడు. ఒకసారి తనలో తను చదువుకున్నాడు. పైకి చదవలేకపోయాడు. దాన్ని నాలుగు మడతలు పెట్టి, లేచి వచ్చి, గుల్జార్ బీ పక్కనున్న యూరియా సంచి మూతి విప్పి సీసాల మధ్య పెట్టాడు.

"ఆ ఫోటో గూడా తీసేస్తానమ్మా. ఇప్పుడే తీసేస్తా."

"తీసేయొద్దు," అంది ఆమె.

అతను అర్థం కాక చూశాడు.

"ఫోటోలో ఉండేది నేనే గదా. నేను చేసిన పనే గదా. దాని కింద రాసింది మార్చు. ఏం జరిగిందో అట్లనే రాయి. పేరు గూడా రాయి, గుల్జార్ బీ అని. తప్పు ల్యాకుండా రాయి."

మారుతి బండ మీద కూర్చుని ఫోనులో రాశాడు. రాసింది అందరికీ వినపడేట్టు చదివాడు. కేకు డబ్బా ఎవరిదో, సీసాలు ఎవరివో, ఏరింది ఎవరో, చూడకుండా మాట్లాడింది ఎవరో అన్నీ ఉన్నాయి. చదివేటప్పుడు ఒక్క మాట కూడా దాటెయ్యలేదు. గుల్జార్ బీ కొంగు విప్పి ముఖం తుడుచుకుంది. ఆమె వీపు నిటారుగా ఉంది. ఈ మూడు రోజుల్లో మొదటిసారి ఆకలి వేసింది. దివ్య తన డబ్బా తెరిచి ముందు పెడితే వద్దనకుండా తిన్నది.

దిగేవేళకు మారుతి వచ్చి పక్కన నిలబడ్డాడు. చేతిలో కర్ర మడిచేసి ఉంది.

"మీరు ముందు నడవండమ్మా. మేమంతా వెనక వస్తాం."

"ముందు నడిచేవాండ్లకు దారి ఒకటే కనపడుతాది," అంది ఆమె. "నేను ఎనక వస్తాను. మీరు పదండి."

అతను తల ఊపి ముందుకు పోయాడు. రిబ్బన్ల రంగులు కలిసిపోయి, నలభై మంది ఒక్క వరుసగా దిగసాగారు. బండ మీద నుంచి బండ మీదికి, ముందువాళ్లు పెట్టినచోటే కాలు పెడుతూ. గడ్డి దుబ్బు దగ్గరికి రాగానే వరుస తనంతట తానే మెల్లగా వంగి, చుట్టుతిరిగి దాటింది. ఓబన్న చేయి పట్టుకుని శేఖర్ దించుతున్నాడు. గుల్జార్ బీ అందరికంటే వెనక, దోటి భుజాన, సంచి తల మీద పెట్టుకుని, ఎవరివైనా వస్తువులు పడిపోయాయేమో చూసుకుంటూ నడిచింది.

పొద్దున్నుంచి అవతలి వాలున కాయలు కోసుకుంటున్న రంగమ్మ నిండు గంపతో దారిలోకి వచ్చి, ఆ బారు చూసి నోరు తెరిచి నిలబడిపోయింది. వాళ్లు ఒక్కొక్కరే ఆమెకు దారి విడిచి పక్క బండ మీదికి జరుగుతూ దాటుతున్నారు.

"ఎవరక్కా వీండ్లంతా?"

"కొండకు వచ్చినోళ్లు."

"వీండ్లల్లో అలవాటున్నోళ్లు ఎవరు, కొత్తోళ్లు ఎవరు?"

గుల్జార్ బీ ఆగి వరుసను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. ముందెక్కడో టోపీ పెట్టుకున్న తల ఒకటి, ప్రతి అడుగూ చూసుకుని చూసుకుని వేస్తోంది.

"అందరూ కొత్తోళ్లే," అంది. "బాగా నేర్చుకుంటాండారు."

చివరి మనిషి గుండు మలుపు తిరిగేదాకా నిలబడి, రంగమ్మను ముందు నడవమని, తను వెనక దిగింది.